ఆపమంటే ఏది ఆపాలి?

మా బాబాయ్‌కి కంప్యూటర్ అంటే భయం లేదు. కంప్యూటర్ చెప్పే మాటలంటేనే అనుమానం. "అయిపోయింది అంటుంది, ఏది అయిపోయిందో చెప్పి చావదు" అంటాడు. మొదట్లో ఈ మాటకి నవ్వేవాణ్ణి. నవ్వినందుకు ఫలితం మొన్న సంక్రాంతికి అనుభవించాను. ఆ కథే ఇది. మధ్యలో కాస్త సాంకేతిక గోల ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది కూచిపూడి. హైదరాబాద్ ఆఫీసులో ఈ మాట చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "అయితే నీకు డాన్స్ వచ్చా?". రాదు మహాప్రభో! విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా వస్తే మా ఊరు. ఊళ్ళో నాట్యం చేసే కుటుంబాలు వేరు, చూసే కుటుంబాలు వేరు. మాది రెండో రకం. వరి పొలం, రెండు గేదెలు, అంతే.

తాతయ్యకి మాత్రం చూడటం ఒక పిచ్చి. 1980లలో ఎలా సంపాదించాడో గానీ ఒక టేప్ రికార్డర్ సంపాదించాడు. రామలింగేశ్వరస్వామి గుడి దగ్గరో, చుట్టుపక్కల ఊళ్ళలోనో రాత్రికి ఆట ఉందంటే చాలు, రికార్డర్ చంకన పెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడట. భామాకలాపం, గొల్లకలాపం, ప్రహ్లాద, ఉషాపరిణయం... అలా నలభై పైచిలుకు క్యాసెట్లు. వాటిలో సగం పాట, సగం జనం దగ్గులు, మధ్యలో ఎవరో పిల్లవాడి ఏడుపు. స్టూడియో రికార్డింగు కాదు కదా.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది క్యాసెట్ మొదలు. ఆట మొదలయ్యే ముందు తాతయ్య మైకు దగ్గరగా పెట్టుకుని తారీఖు, ఊరు, ఆట పేరు చెప్పేవాడు. భామాకలాపంలో సత్యభామ రాగానే ప్రవేశ దరువులో తానెవరో చెప్పుకుంటుంది చూడండి, అలా ప్రతి క్యాసెట్‌కీ ఒక ప్రవేశ దరువు అన్నమాట. ఆయన పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు. ఆయన గొంతు ఇప్పుడు ఆ క్యాసెట్లలో తప్ప ఎక్కడా లేదు.

క్యాసెట్లకి బూజు పడుతోందని రెండేళ్ళ కిందట బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, మధ్యాహ్నాలు ఖాళీ. "నువ్వు ఏదో ఒకటి రాసి ఇవ్వు, నేను రోజుకి రెండు ఎక్కిస్తా" అన్నాడు. నా పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని, ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాను. దాని పేరు "టేపు". పేర్లు పెట్టడంలో నా ప్రతిభ మీకు తెలిసిపోయి ఉంటుంది :)

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు నలభై అయిదు నిమిషాలు. బాబాయ్ కమాండ్ కొట్టి, ఆ నల్ల కిటికీ మూసేసి కాఫీకి వెళ్ళిపోతాడు. కిటికీ మూయగానే రికార్డింగ్ చస్తుంది. అందుకని రికార్డింగ్ పనిని వెనకాల నిలబడి చేసే ఒక సర్వీసుకి అప్పగించాను. కమాండ్ కేవలం వార్తాహరుడు. వెళ్ళి "రికార్డ్ చెయ్యి" అని చెప్పి వచ్చేస్తాడు. చేసేది వెనకున్నవాడు.

ఇలా తెరవెనక ఉండే ప్రోగ్రాముల్ని యూనిక్స్ వాళ్ళు డీమన్ అంటారు. ఆ పేరు 1963 ప్రాంతంలో ఎమ్.ఐ.టి.లోని ప్రాజెక్ట్ మ్యాక్‌లో పుట్టింది. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ భూతం అని ఒకటుంది. 1867లో ఆయన ఊహించిన ఒక చిన్న జీవి, కూర్చుని అలుపు లేకుండా అణువుల్ని ఏరుతూ ఉంటుంది. దాన్ని చూసి పెట్టుకున్న పేరు. మనవాళ్ళకి చెప్పాలంటే "పాతాళ భైరవి" (1951) చాలు. పిలిస్తే వస్తుంది, అడిగింది చేస్తుంది. మీరు మనసులో ఏం అనుకున్నారో దానికి అనవసరం. మీ నోటి నుంచి ఏం వచ్చిందో అదే. కాబట్టి అలాంటిదాన్ని తయారుచేసేవాడి బాధ్యతంతా ఒక్కచోటే ఉంటుంది: అడగడానికి మనిషికి ఏ మాటలు ఇస్తున్నాం?

నేను మూడు మాటలిచ్చాను. స్టార్ట్, రికార్డ్, స్టాప్.

స్టార్ట్ అంటే సర్వీసు మొదలు. రికార్డ్ అంటే రికార్డింగ్ మొదలు. మరి స్టాప్ అంటే? నా బుర్రలో అది స్టార్ట్‌కి జోడీ, అంటే సర్వీసుని ఆపడం. బాబాయ్ బుర్రలో అది రికార్డ్‌కి జోడీ. టేప్ రికార్డర్ మీద ఎర్ర బొత్తాం పక్కన ఉండేది స్టాప్ బొత్తామే కదా! ఆయన తప్పేముంది?

మొదటి పది క్యాసెట్ల వరకూ దీనివల్ల నష్టం రాలేదు. ఎందుకంటే ఒక వైపు అయిపోయి కాసేపు నిశ్శబ్దం రాగానే రికార్డింగ్ దానంతటదే ఆగేలా రాశాను. స్టాప్ అవసరమే పడలేదు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఆ లాప్‌టాప్ డిస్కు ముసలిది. కంప్రెస్ చెయ్యని ఆడియో సీడీ నాణ్యతలో నిమిషానికి పది మెగాబైట్ల పైనే, అంటే ఒక వైపుకి దాదాపు 475. డిస్కు మీద భారం వద్దని పచ్చి రికార్డింగునంతా మెమరీలోనే ఉంచి, తీరిగ్గా కుదించి, ఆ తర్వాత డిస్కుకి రాసేలా పెట్టాను. సర్వీసు ఆగేటప్పుడు ఆ తాత్కాలిక ఫైళ్ళన్నీ శుభ్రంగా తుడిచేస్తుంది. ఆ "శుభ్రంగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

సంక్రాంతికి రెండు రోజుల ముందు. నేను హైదరాబాద్‌లో బస్సు టికెట్ల వేటలో ఉన్నాను. బాబాయ్ ఆ రోజు ఉత్సాహంగా మూడు వైపులు ఎక్కించాడు. మూడోది ఒక 1986 నాటి భామాకలాపం. దాని మొదట్లో తాతయ్యతో పాటు నానమ్మ గొంతు కూడా ఉందట. "ఆ పెట్టె ఆపి అన్నానికి రండి" అని కేకేస్తుందట. తాతయ్య ఏదో సర్దిచెప్తాడట. బాబాయ్ విని తెగ నవ్వుకున్నాడు. రివైండ్ చేస్తుంటే టేపు రోలర్‌కి చుట్టుకుని, పీకేటప్పటికి మొదటి కొన్ని మీటర్లు నలిగి తెగిపోయింది. ఆయన గుండె ఆగినంత పనయిందట. అంతలోనే "పోనీలే, కంప్యూటర్‌లోకి ఎక్కిందిగా" అని తేరుకున్నాడు.

తర్వాత ఇంకో క్యాసెట్ పెట్టాడు. సగంలో కరెంటు వోల్టేజి తగ్గి టేపు ఈడుస్తోంది. రికార్డింగ్ ఆపుదామని "టేపు స్టాప్" అని కొట్టాడు.

నా ప్రోగ్రాం చాలా వినయంగా "ఆగింది" అని చెప్పింది.

ఏమేం ఆగిందీ, ఏమేం పోయిందీ మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ముసలి లాప్‌టాప్ నిదానంగా ఒక్కొక్కటీ కుదిస్తోంది. మొదటి వైపు సగంలో ఉంది, మిగతా రెండూ వరసలో ఉన్నాయి. సర్వీసు ఆగిపోతూ పోతూ ఇల్లు ఊడ్చిపెట్టి మరీ వెళ్ళింది. నాలుగు రికార్డింగులు పోయాయి. మూడు మళ్ళీ ఎక్కించుకున్నాం. తెగిన క్యాసెట్‌ని నేను వెళ్ళాక పెన్సిలు, సన్నటి అతుకు టేపు పెట్టి అతికించాం. ఆట చాలామటుకు వచ్చింది. మొదటి రెండు నిమిషాలు మాత్రం గరగర తప్ప ఏమీ లేదు. నానమ్మ కేక అందులోనే ఉంది.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా "నేనే తప్పు కొట్టానేమోరా" అన్నాడు. అది మాత్రం భరించలేకపోయాను. వాడేవాడు "తప్పు నాదేనేమో" అని అన్నాడంటే, నూటికి తొంభై సార్లు తప్పు రాసినవాడిదే.

పండగ మూడు రోజులూ అరుగు మీద కూర్చుని, పేరున్న ప్రోగ్రాములు ఈ పని ఎలా చేస్తున్నాయో చదువుతూ గడిపాను. అప్పుడర్థమైంది, ఈ గుంటలో పడింది నేనొక్కణ్ణే కాదని.

ఎన్‌జిన్‌ఎక్స్ తీసుకోండి. దాన్ని ఆపడానికి రెండు మాటలున్నాయి, స్టాప్, క్విట్. ఒకటి ఉన్నపళంగా ఆపేస్తుంది, ఇంకోటి చేతిలో ఉన్న పనులు ముగించుకుని ఆగుతుంది. ఏది ఏదో మాటని బట్టి చెప్పగలరా? స్టాప్ మొరటుది, క్విట్ మర్యాదస్తురాలు. నాకైతే మాన్యువల్ చూడకుండా ఇప్పటికీ గుర్తుండదు.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళు దీన్ని ఇంకాస్త ఆలోచించి చేశారు. ఆపడానికి మూడు పద్ధతులు: స్మార్ట్, ఫాస్ట్, ఇమ్మీడియట్. మొదటిది అందరూ వెళ్ళేదాకా ఆగుతుంది. రెండోది సగంలో ఉన్న లావాదేవీలని వెనక్కి తిప్పి, అందరినీ పంపించి, లెక్కలు సరిచూసుకుని మూస్తుంది. మూడోది ఉన్నదున్నట్టు వదిలేసి పోతుంది, మళ్ళీ లేచినప్పుడు కోలుకునే పని పెట్టుకుంటుంది. చాలా ఏళ్ళు ఏమీ చెప్పకపోతే స్మార్ట్ అని అర్థం. ఎవరో ఒకరు కనెక్షన్ పట్టుకుని కూర్చుంటే సర్వరు ఎప్పటికీ ఆగదు. 2016 జనవరిలో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి ఏమీ చెప్పకపోతే ఫాస్ట్ అని మార్చారు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే "ఏమీ చెప్పకపోతే ఏం చెయ్యాలి" అనేది తేల్చుకోడానికి అన్నేళ్ళు పట్టింది. నేను అయిదు నిమిషాల్లో తేల్చేశాను మరి!

ఇంకో రకం చిక్కు ఉంది, ఇది కనపడదు. టీమక్స్ వాడేవాళ్ళకి తెలుసు. డాష్ ఎఫ్ అని కొత్త సెట్టింగుల ఫైలు ఇస్తాం. సర్వరు అప్పటికే నడుస్తుంటే ఆ ఫైలు వంక కూడా చూడదు. ఎందుకంటే అది సర్వరు పుట్టేటప్పుడు మాత్రమే చదివేది. మీరు చెప్పింది వార్తాహరుడికి, అది పట్టాల్సింది లోపలున్నవాడికి. వార్తాహరుడు ఆ ముక్క చేరవెయ్యడు, చేరవెయ్యలేదని చెప్పడు. నా "టేపు"లోనూ ఇదే జబ్బు. నాణ్యత పెంచమని ఒక ఆప్షన్ పెట్టాను, రికార్డ్ కమాండ్‌కి ఇస్తే తీసుకునేది, పాటించేది మాత్రం స్టార్ట్‌లో ఇచ్చినదాన్ని. బాబాయ్ పది క్యాసెట్లకి ఆ ఆప్షన్ శ్రద్ధగా కొట్టాడు పాపం. ఒక్కసారీ పనిచెయ్యలేదు.

ఆండ్రాయిడ్ వాళ్ళ ఏడీబీది మరో తంతు. సర్వరు లేకపోతే తనే మొదలుపెట్టుకుంటుంది, అది మంచిదే. కానీ మెషీన్లో రెండు వేర్వేరు వెర్షన్లు ఉన్నాయనుకోండి, ఒకటి వచ్చి "నీ వెర్షన్ నాకు కలవలేదు, చంపేస్తున్నా" అని సర్వరుని చంపి కొత్తది పెడుతుంది. కాసేపటికి రెండోది వచ్చి అదే పని చేస్తుంది. అత్తాకోడళ్ళు స్టవ్ మంట పెంచుతూ తగ్గిస్తూ ఉన్నట్టు. కాకపోతే ఏం చేస్తోందో చెప్పి చేస్తుంది, అంతవరకూ మెచ్చుకోవాలి. డాకర్ దీనికి విరుద్ధం. డీమన్ లేకపోతే తను లేపదు, "డీమన్ నడుస్తోందా?" అని మిమ్మల్నే అడుగుతుంది. విసుగే గానీ, అబద్ధం మాత్రం కాదు.

కనుమ రోజు సాయంత్రం ఇదంతా బాబాయ్‌కి చెప్తున్నాను. ఆయన మొత్తం విని అన్నాడు: "ఇందులో కొత్తేముందిరా? కాలువ లస్కరు దగ్గర రోజూ జరిగేదేగా ఇది."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన పంతులు గారు కదా, పాఠం మొదలుపెట్టాడు.

"ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్ళు కట్టేశారనుకో. మన బోదెలో ఆ నిమిషాన ఆగుతాయా? కాలువలో ఉన్న నీరంతా దిగిపోవాలి. కాబట్టి కట్టేశాం అని కబురొచ్చినా, రైతు వెళ్ళి బోదె చూసుకునే గట్టు కొడతాడు. రెండోది, లస్కరుతో 'ఆపవయ్యా' అంటే ఆయన ఏమంటాడు? 'ఏ తూము?' అంటాడు. ఒక తూము మూస్తే ఒకడి మడి ఎండుతుంది, మెయిన్ షట్టర్ దించితే ఊరు ఎండుతుంది. అడక్కుండా షట్టర్ దించేసే లస్కరుని ఊళ్ళో ఉండనిస్తారా? నువ్వు రాసింది అలాంటి లస్కరుని."

నిజం చెప్పొద్దూ, ఇంజినీరింగ్ నాలుగేళ్ళలోనూ, ఉద్యోగంలో ఇన్నేళ్ళలోనూ ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఊరెళ్ళి వచ్చాక "టేపు"ని మళ్ళీ రాశాను. మార్చినవి ఇవీ.

మొదటిది, ఒంటరి స్టాప్ తీసేశాను. "రికార్డ్ స్టాప్" వేరు, "సర్వీస్ స్టాప్" వేరు. ఎవరైనా ఉత్త స్టాప్ అని కొడితే "ఏ తూము?" అని అడుగుతుంది, ఏమీ చెయ్యదు. రెండు అక్షరాలు ఎక్కువ కొట్టాలని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

రెండోది, సర్వీస్ స్టాప్ అన్నా వరసలో ఉన్న పనులన్నీ ముగించాకే ఆగుతుంది. ఉన్నపళంగా చంపాలంటే దానికో పొడుగాటి ఆప్షన్ ఉంది. అది కొడితే ఏమేం పోతాయో పేరుపేరునా చూపించి "సరేనా?" అంటుంది. ప్రమాదమైన మాట పొడుగ్గా ఉండాలి, నాలుక తిరిగి తిరిగి అనేలా ఉండాలి. చిన్న మాట ఎప్పుడూ తక్కువ నష్టం చేసేదై ఉండాలి.

మూడోది, వార్తాహరుడు తను పాటించలేని ఆప్షన్‌ని మింగెయ్యకూడదు. నడుస్తున్న సర్వీసుకి అంటని సెట్టింగు ఇస్తే "ఇది ఇప్పుడు అంటదు, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టినప్పుడే" అని చెప్పి ఆగిపోతుంది.

నాలుగోది, "కబురు అందింది" వేరు, "పని అయింది" వేరు. ముందు రెంటికీ ఒకే జవాబు, ఒకే సున్నా ఎగ్జిట్ కోడ్. ఇప్పుడు మామూలుగా అయితే పని అయ్యేదాకా కమాండ్ తిరిగిరాదు. కబురు పెట్టి వచ్చెయ్యాలంటే విడిగా చెప్పాలి. సిస్టమ్‌డీ వాళ్ళ సిస్టమ్‌సీటీఎల్ కూడా ఇలాగే చేస్తుంది. మామూలుగా ఆగి చూస్తుంది, వద్దంటే నో-బ్లాక్ అనాలి.

అయిదోది, స్టేటస్. ఇంతకుముందు "నడుస్తోంది" అనేది, అంతే. ఇప్పుడు తన ప్రవేశ దరువు తను చెప్పుకుంటుంది. నేను ఫలానా వెర్షన్ని, ఫలానా టైముకి మొదలయ్యాను, ఫలానా సెట్టింగులు చదివాను, ఇప్పుడు ఈ క్యాసెట్ రికార్డ్ చేస్తున్నాను, వరసలో ఇన్ని ఉన్నాయి, వాటిలో డిస్కుకి చేరినవి ఇన్ని. తెర వెనక ఉండేవాడు ఎవరో చూసేవాడికి తెలియకపోతే ఆట ఎలా అర్థమవుతుంది?

ఆరోది సిగ్గుపడుతూ చెప్తున్నాను. పచ్చి రికార్డింగు ఇప్పుడు నేరుగా డిస్కుకే వెళ్తుంది. కొత్త డిస్కు కొన్నాను. పోయిన రెండు నిమిషాల ముందు దాని ఖరీదు ఏపాటి?

ఆఫీసులో ఇవన్నీ చెప్తే ఒక సీనియర్ అన్నాడు, "వాడేవాళ్ళు మాన్యువల్ చదవాలి గానీ ఇంత లాలన ఎందుకు?" అని. నా దగ్గర వాదన ఏమీ లేదు. మాన్యువల్ రాసింది నేను, దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎర్ర పెన్నుతో అచ్చుతప్పులు దిద్దుతూ చదివిన ఒకే ఒక్క మనిషి మా బాబాయ్. చదివినా అదే జరిగింది. బొత్తాం మీద రాసిన మాట ముందు మాన్యువల్ గెలవదు.

ఇప్పటికి ముప్ఫై ఒక్క క్యాసెట్లు అయ్యాయి. బాబాయ్ ఏ కమాండ్ కొట్టే ముందైనా ఒకసారి స్టేటస్ కొట్టి, కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కిందికి చదువుతాడు. రైతు బోదె చూసుకున్నట్టే. "డిస్కుకి చేరింది" అన్న మాట కనిపించేదాకా రివైండ్ జోలికి పోడు.

పోయిన వారం ఫోన్ చేశాడు. ఇంకో క్యాసెట్ చివర, ఆట అయిపోయాక తాతయ్య రికార్డర్ ఆపడం మర్చిపోయాడట. ఇంటికి నడిచొచ్చిన చప్పుడు, గేటు చప్పుడు, కుక్క అరుపు, ఆ తర్వాత నానమ్మ గొంతు, "ఆపావా ఆ పెట్టెని?" అని.

"ఆపాను" అన్నాడట తాతయ్య.

ఆపలేదు. అందుకే మాకు మిగిలింది.

మీరు రాసిన ప్రోగ్రాముల్లో కూడా ఎక్కడో ఒక ఒంటరి స్టాప్ ఉండే ఉంటుంది. ఒకసారి వెళ్ళి చూసి రండి. ఏ తూమో అడుగుతోందా?